‘పేరేమిటి’ పాటలో ఒక దెబ్బ ఎక్కువ

ఇది ఒక మహాగాథ. ఇందులో ఉరుములున్నాయి, రథం ఉంది, తల్లీకొడుకులున్నారు, జనసముద్రం ఉంది, చివర్లో ఒక సామ్రాజ్యం కూలిపోతుంది.

అంతా అబద్ధం. ఉరుములంటే నా డ్రమ్స్. రథం ఒక తెల్ల వ్యాను. జనసముద్రం వంద మందికి లోపే, అందులో సగం మంది చప్పట్లు తప్పుగా కొట్టారు. సామ్రాజ్యం నలుగురు మనుషుల బ్యాండు: ఇద్దరు తాతలు, ఒక మామ్మ, ఒక నర్సుగారబ్బాయి. ఆ అబ్బాయిని నేనే. నాకిప్పుడు ముప్పై మూడేళ్లు, ఈ వృత్తి నుంచి రిటైరయ్యాను. పింఛను లేదు. ఎడమ చెవిలో ఒక సన్నని కూత మాత్రం జీవితాంతం వస్తుందని మా జీపీ డాక్టరు చెప్పాడు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడిగారు. గొప్పలు చెబుదామని కూర్చుంటే సిగ్గుపడ్డ సంగతులే ముందు గుర్తొచ్చాయి. అవే రాస్తున్నాను.

పని ఏమిటంటే

మేం వాయించేది అరవైల నాటి రాక్ అండ్ రోల్. పెళ్లిళ్లను కుర్ర బ్యాండ్లు పట్టుకుపోయాయి కాబట్టి మాకు మిగిలినవి రిటైర్మెంట్ పార్టీలు. టీచర్లు, బస్సు డ్రైవర్లు, పోస్టాఫీసు వాళ్లు, నర్సులు. మా ఐరిష్ ఊరు డ్రోహెడా చుట్టుపక్కల ఎవరు ఉద్యోగం మానేస్తున్నా డెక్లన్‌కి వాసన వచ్చేది. డెక్లన్ మా నాయకుడు. గిటారు, గొంతు ఆయనవే. డెబ్బైకి దగ్గర్లో ఉండేవాడు, జుట్టు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. అది ఆయన సొంత జుట్టు కాదు.

ఆయన మా పక్కింటివాడు. నేను తొమ్మిదేళ్ల వయసులో అమ్మతో ఇక్కడికి వచ్చాను. ఆదివారాలు మన తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో డోలక్ కొట్టేవాణ్ణి, మిగతా రోజులు ఇంట్లో గోడ మీద కొట్టేవాణ్ణి. నాకు ఇరవై దాటేదాకా ఓర్చుకుని ఒకరోజు డెక్లన్ తలుపు తట్టాడు. “ఆ గోడ నా వైపుకి పడేలోపు నువ్వే నా వైపుకి వచ్చేయ్,” అన్నాడు. ఉద్యోగ నియామకం అంతే. పియానో వాయించే నోరీన్ నాకొక బిస్కెట్ ఇచ్చింది. బేస్ వాయించే ఫ్రాన్సీ తలూపాడు. ఆ తర్వాత పన్నెండేళ్లలో ఫ్రాన్సీ నాతో అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

అమ్మ ఈ ఉద్యోగాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్లకి చెప్పేది. ఫెలోషిప్‌లో “మా సుధీర్ సంగీత పరిచర్యలో ఉన్నాడు” అనేది. పనిచేసే నర్సింగ్ హోమ్‌లో “మాస్టర్స్ చేస్తున్నాడు” అనేది. రెండిట్లోనూ నేను అడ్డు చెప్పలేదు. నిజం చెబితే రెండు చోట్లా టీ ఇవ్వడం మానేస్తారని భయం.

పాట లోపలి సామాను

మా దగ్గర ముప్పై పాటలున్నా జనం కోరేది ఒక్కటే. డాన్సు హాళ్లు తిరిగే ఏదో బ్యాండులో డెక్లన్ వాళ్ల అన్నయ్య అరవైల్లో నేర్చుకొచ్చిన పాట; ఎవరు రాశారో డెక్లన్‌కీ తెలియదు. మేం దాన్ని ‘పేరేమిటి’ పాట అనేవాళ్లం.

కథ చిన్నది. ఒక పనివాడు రిటైరవుతుంటాడు. యజమాని వేదికెక్కి పొగుడుతాడు: నువ్వు మా కుటుంబం, నువ్వు మా మూలస్తంభం, నువ్వు లేకపోతే ఈ కప్పు నిలబడదు అంటాడు. అంతా చెప్పాక అడుగుతాడు, ఇంతకీ నీ పేరేమిటి అని. ప్రతి చరణంలోనూ ఇదే. యజమాని మూడుసార్లు పొగుడుతాడు, మూడుసార్లూ పేరు అడుగుతాడు.

అవే మాటలు నెమ్మదిగా పాడితే అది యూనియన్ ఆఫీసుకి ఇచ్చే అర్జీ అవుతుంది. వేగంగా పాడితే పార్టీ అవుతుంది. వ్యంగ్యం మాటల్లో ఉందని అందరూ అనుకుంటారు గానీ దాన్ని మోసేది వాయిద్యాలు. ఉన్నవి మూడే కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మూడూ నవ్వు మొహానివే. నాలుగు దెబ్బలు ఒక బారు, అలాంటి పన్నెండు బార్ల చక్రం తిరుగుతూనే ఉంటుంది. బేస్ మెట్లెక్కి దిగుతున్నట్టు నడుస్తుంది. నోరీన్ ఎడమచెయ్యి రైలుబండి, కుడిచెయ్యి ఆ బండి మీద పడే వడగళ్లు. చివరి చరణానికి పాట శ్రుతి మొత్తం అరమెట్టు పైకి లేస్తుంది. అది చాలా చవకబారు ఉపాయం. ప్రతిసారీ పనిచేసింది.

నా పని రెండో దెబ్బ, నాలుగో దెబ్బ. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే మనవాళ్ల పాటల్లో చెయ్యి ఒకటి మీద, మూడు మీద పడుతుంది. ఈ సంగీతంలో రెండు మీద, నాలుగు మీద పడాలి. అప్పుడే పాట ముందుకి తూలుతుంది, కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఒకటి మీద కొడితే పాట నేలకి అతుక్కుపోతుంది.

ఇక అసలు కిటుకు ఆగడంలో ఉంది. యజమాని ప్రశ్న దగ్గర బ్యాండు ఒక్కటి కొట్టి రెండు బార్లు ఆగిపోతుంది. మొదటి బారులో డెక్లన్ ఏ వాద్యమూ లేకుండా ప్రశ్న వేస్తాడు. రెండో బారు పూర్తిగా నిశ్శబ్దం. డెక్లన్ మైకు తీసుకెళ్లి రిటైరవుతున్న మనిషి నోటి ముందు పెడతాడు. ఆ మనిషి తన పేరు గట్టిగా అరవాలి. వెంటనే మేం నలుగురం విరుచుకుపడతాం. ఇది మా బ్యాండు ఆనవాయితీ. ముప్పై ఏళ్లు గొంతెత్తని క్లర్కులు ఆ నిశ్శబ్దంలో తమ పేరు అరిచి, తర్వాత తామే బిత్తరపోవడం చూశాను. ఒక బస్సు డ్రైవరు ఏడ్చాడు. తర్వాత జలుబన్నాడు.

డెక్లన్ మాకు పెట్టిన నియమం ఒకటే. “వాయించేటప్పుడు మీరెవరూ నవ్వొద్దు. ఇది ఉత్త సంతోషం పాట అన్నట్టు వాయించండి. కన్ను కొట్టారంటే పాట చచ్చిపోతుంది.”

మీరు కూడా పాటించండి. నేను పాటించాను. ఒకసారి నవ్వి ఉంటే బాగుండేది, దాని సంగతి తర్వాత.

డెక్లన్ నేర్పిన దొంగపని

స్లైగో దగ్గర ఒక పాల డెయిరీ మేనేజరు పార్టీ. హాలు నిండా రైతులు. పాట మొదలవగానే అందరూ ఒకటి మీద, మూడు మీద చప్పట్లు మొదలెట్టారు. అంటే, అది మన ఒక్కళ్ల జబ్బు కాదు. నా రెండో దెబ్బకీ వాళ్ల చప్పట్లకీ మధ్య పాట కుంటుతోంది.

డెక్లన్ నా వైపు వంగి, “సుధ్, పియానో ముక్క చివర ఒక దెబ్బ ఎక్కువ కొట్టు,” అన్నాడు.

“అంటే?”

“నాలుగు బదులు ఐదు. మేం నీ వెనక వస్తాం.”

కొట్టాను. బ్యాండు ఒక దెబ్బ పక్కకి జరిగింది. రైతులు మాత్రం జరగలేదు, తమ లెక్కలో తాము కొడుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆ చప్పట్లు సరిగ్గా రెండు మీద, నాలుగు మీద పడుతున్నాయి. హాలంతా ఒక్కసారి గాల్లోకి లేచినట్టయింది. వాళ్లకి ఏమీ తెలియదు.

వ్యానులో డెక్లన్ అన్నాడు, “జనం మారరు. మనమే జరగాలి. కాకపోతే మనం జరిగినట్టు వాళ్లకి తెలియకూడదు.” ఆయన నాకు చెప్పినవాటిలో తెలివైన మాట అదే. మిగతావన్నీ పార్కింగ్ గురించి.

ఒక సంగతి గమనించండి. ఆ రైతులు తప్పుగా కొట్టినప్పుడు నాకు ఏ సిగ్గూ వేయలేదు. ముచ్చటేసింది.

అమ్మ లెక్క

అమ్మ పేరు కరుణమ్మ. నర్సింగ్ హోమ్‌లో కారెన్. మొదటి రోజు ఎవరో పలకలేక కారెన్ అన్నారు, అమ్మ తలూపింది, మర్నాటికి బ్యాడ్జి వచ్చేసింది. ఇందులో విలన్ లేడు. అందరూ మంచివాళ్లే, అమ్మంటే ప్రాణం పెట్టేవాళ్లు. ఉద్యోగమంతా కారెన్‌గానే గడిచింది.

రిటైర్మెంటుకి మా బ్యాండునే పెట్టమని తనే అడిగింది. నాకు ఆశ్చర్యం వేసింది.

“నేను మాస్టర్స్ చేస్తున్నానని చెప్పావు గదమ్మా?”

“పూర్తయిందని చెప్తాలే. ఆ పేరు అడిగే పాట వాయిస్తారా?”

“అదే వాయిస్తాం. నీకెందుకు?”

ప్రెస్ (ఇక్కడ అల్మరాని అలాగే అంటారు) తెరిచి ప్లేట్లు సర్దుతూ చెప్పింది. “ఏడో గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. రోజూ అడిగేవాడు, నీ అసలు పేరేంటమ్మాయ్ అని. పలకలేడులే, పాపం అలిసిపోతాడని కారెనే అండీ అనేదాన్ని. ఆయన పోయాడు. చెప్పుండాల్సింది. పోతా పోతా ఒక్కసారన్నా నా పేరు వాళ్ల చెవిన వేసి వస్తా. వాళ్లు పలకొద్దు, వింటే చాలు.”

నేను ప్లేట్లు అందుకుని పై అరలో పెట్టాను. అలా జరగడం అరుదు.

అమ్మకి డెక్లన్ పాడే ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని ప్రశ్న వినబడేదాకా ఆగడం తనవల్ల కాదంది. “నువ్వు మొదటినుంచి లెక్క చెప్పు, నేను నాడి లెక్కపెట్టినట్టు పెట్టుకుంటా,” అంది. నేను ఫోన్‌లో మా పాత రికార్డింగు పెట్టాను. అమ్మ కుక్కర్ మూత మీద వేలితో కొడుతూ చక్రాలు లెక్కపెట్టుకుంది. రెండు రోజుల్లో పట్టేసింది. కూర కలుపుతూ, సరిగ్గా ఆ నిశ్శబ్దంలోకి “కరుణమ్మ!” అని అరిచేది. డెక్లన్ గోడ అవతల నుంచి “గ్రాండ్!” అనేవాడు. ఆయన విన్నదేమిటో ఆయనకి తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం

పార్టీ ఒక హోటల్ హాలులో. ఒకవైపు నర్సింగ్ హోమ్ వాళ్లు. ఇంకోవైపు మన ఫెలోషిప్ వాళ్లు. ఆరాధన ముగించుకుని నేరుగా వచ్చారు, చేతులింకా వేడిగానే ఉన్నాయి. ముందు వరుసలో ప్రసాద్ అంకుల్. మా ఫెలోషిప్‌లో చప్పట్లకి ఆయనే సారథి. ఆయన చెయ్యి ఎక్కడ పడితే అందరి చేతులూ అక్కడే పడతాయి.

మేనేజరు ఫియోనా మాట్లాడింది. మనస్ఫూర్తిగానే మాట్లాడింది, కళ్లు తుడుచుకుంది. “కారెన్ మా కుటుంబం,” అంది. మా పాట రాసినవాడు ఆ హాలులో ఉంటే రాయల్టీ అడిగేవాడు.

పాట మొదలైంది. ప్రసాద్ అంకుల్ చెయ్యి లేచింది. ఒకటి. మూడు. ఒకటి. మూడు. ఆయన వెనక ఫెలోషిప్ మొత్తం, పిల్లా పెద్దా, నిండుగా, గట్టిగా. అటువైపు నర్సులు రెండు మీద కొట్టబోయి తడబడి ఇటు చూశారు. ఒకమ్మాయి నవ్వుతూ పక్కమ్మాయికి చూపించింది. అంతే. ఆ నవ్వులో చెడ్డతనం కూడా లేదు. నా చెవులు కాలిపోయాయి.

మొదటి ఆగే చోటు వచ్చింది. బ్యాండు ఆగింది. మనవాళ్లు ఆగలేదు. ఎందుకాగుతారు? పాట ఆగితే చప్పట్లతో నిలబెట్టడమే వాళ్లకి తెలిసిన మర్యాద. పైగా ప్రసాద్ అంకుల్ “కొట్టండి, కొట్టండి!” అని ఉత్సాహపరిచాడు. అమ్మ సరిగ్గా లెక్క ప్రకారమే పేరు చెప్పింది. పెదాలు కదలడం నేను చూశాను. మైకున్నా ఆ చప్పట్ల హోరులో ఎవరికీ వినబడలేదు.

ఇక్కడ నేను చేయగలిగినవి చాలా ఉన్నాయి. పాట ఆపి మళ్లీ మొదలెట్టొచ్చు. ప్రసాద్ అంకుల్‌కి సైగ చేయొచ్చు. ఒకసారి నవ్వి, నేనూ ఒకటి మీద కొట్టొచ్చు. పాట చచ్చిపోయేదేమో, అమ్మ లెక్క మాత్రం బతికేది. నాకు అమ్మ గుర్తే లేదు. ఆ అమ్మాయి నవ్వే గుర్తుంది. వీళ్లు మావాళ్లని అందరికీ తెలుసు, ఈ చప్పట్లు ఎలాగైనా సరిచెయ్యాలి. బుర్రలో ఉన్నదల్లా అదే.

పియానో ముక్క చివర ఒక దెబ్బ ఎక్కువ కొట్టాను.

నా వృత్తి జీవితంలో అంత శుభ్రంగా ఆ పని ఎప్పుడూ చేయలేదు. నోరీన్ ఒక కనుబొమ్మ ఎత్తి నా వెంట వచ్చేసింది. ఫ్రాన్సీ వచ్చేశాడు. మనవాళ్ల చప్పట్లు రెండు మీద, నాలుగు మీద పడి, హాలంతా లేచి ఊగింది. నర్సులు ‘భలే’ అన్నట్టు మనవాళ్ల వైపు చూశారు. నేను గర్వపడ్డాను. రాయడానికి కూడా కష్టంగా ఉంది, నిజంగా గర్వపడ్డాను.

రెండో ఆగే చోటు. ఈసారి డెక్లన్ చెయ్యెత్తి చప్పట్లు కూడా ఆపించాడు. ప్రశ్న పాడుతున్నాడు. ఆ ప్రశ్న ఇంకా పూర్తికాకుండానే అమ్మ నోరు తెరిచి పేరు చెప్పేసింది. తన లెక్కలో అది సరైన చోటే. లెక్క జరిపింది నేను. డెక్లన్ గొంతు కింద ఆ పేరు నలిగిపోయింది. తర్వాత నిశ్శబ్దం వచ్చింది, పూర్తి బారు, ఈగ వాలినా వినబడేటంత మంచి నిశ్శబ్దం. మైకు అమ్మ నోటి ముందే ఉంది. అమ్మ దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదు. తన పేరు తనే మర్చిపోయినట్టు నిలబడింది. అందరూ ప్రేమగా నవ్వారు.

మూడోసారి అమ్మ చెయ్యి అడ్డంగా ఊపి, మైకుని పక్కనున్న ఫియోనా వైపు తోసింది. ఫియోనా పొంగిపోయింది. శుభ్రమైన ఆ నిశ్శబ్దంలోకి, ఊపిరి నిండా పీల్చుకుని, “కారెన్!” అని అరిచింది.

మేం విరుచుకుపడ్డాం. పాట అరమెట్టు పైకి లేచింది. అందరి చప్పట్లూ, మనవీ వాళ్లవీ, రెండు మీద, నాలుగు మీద, అచ్చుగుద్దినట్టు పడ్డాయి. పాట అంత బాగా ఎప్పుడూ రాలేదు. నేను నవ్వలేదు. నియమం కదా.

కారులో

బయట ఇంకా వెలుతురుగానే ఉంది. అమ్మ ఒళ్లో పూలగుత్తి, దాని మీద కార్డు. కార్డు మీద ఏ పేరుందో చెప్పనక్కర్లేదు.

“సారీ అమ్మా.”

“నువ్వు మధ్యలో ఒకటి ఎక్కువ కొట్టావు గదా?”

“నీకు తెలిసిందా?”

“తర్వాత తెలిసింది. ముందు నేనే తప్పు పెట్టాననుకున్నా. ఎందుకు కొట్టావు?”

“మనవాళ్ల చప్పట్లు సరిచేద్దామని.”

అమ్మ ఒళ్లో పూలగుత్తి సర్దుకుంది. “మనవాళ్ల చప్పట్లకి ఏమైందిరా?”

నేను వివరించాను. ఒకటి, మూడు, రెండు, నాలుగు, తూలడం, నేలకి అతుక్కోవడం. స్టీరింగ్ మీద కొట్టి మరీ చూపించాను. ఇంత పొడవున పైన మీకు చెప్పిందంతా అమ్మకీ చెప్పాను. సిగ్గుపడ్డవాడికి శాస్త్రం బాగా గుర్తొస్తుంది.

అంతా విని అమ్మ అంది, “అట్టానా. మరి చిన్నప్పుడు నువ్వు నడక నేర్చింది ఆ చప్పట్లకే. పడిపోలేదే.”

తర్వాత రెండు సిగ్నళ్లు దాటాక, “ప్రసాద్ అన్నయ్యకి మాత్రం చెప్పబాక. బాగా కొట్టామని మురిసిపోతన్నాడు,” అంది.

సలహా అడిగారు కాబట్టి

రెండో దెబ్బ, నాలుగో దెబ్బ నేర్చుకోండి. ఒక దెబ్బ ఎక్కువ కొట్టి జనాన్ని తిప్పే విద్య కూడా నేర్చుకోండి, అన్నం పెడుతుంది. కాకపోతే కొట్టేముందు ఒకసారి చూసుకోండి, అది పాట కోసమా, మీ చెవులు కాలుతున్నందుకా అని. పాట కోసమైతే స్లైగోలో లాగా చెయ్యి తేలిగ్గా ఉంటుంది. రెండోదైతే దెబ్బ ఇంకా శుభ్రంగా పడుతుంది, అదే దాని ప్రమాదం. ఒకటి జరిపితే దాని మీద లెక్కపెట్టుకున్న మనిషి ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పడతారు.

వ్యంగ్యం పాటల గురించి ఇంకొక్క మాట. పాట యజమానిని వెక్కిరిస్తుందని పన్నెండేళ్లు అనుకున్నాను. పాటకి అంత కచ్చితమైన గురి లేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరు నిలబడితే వాళ్లకి తగులుతుంది.

డెక్లన్‌కి జరిగింది చెప్పాను. ఆయన విగ్గు సర్దుకున్నాడు. “మళ్లీ వాయిద్దాం,” అన్నాడు. “మీ ఫెలోషిప్ హాల్లో. చప్పట్లు వాళ్లిష్టం. నువ్వూ ఒకటి మీదే కొట్టు. ఫియోనాని కూడా పిలుద్దాం.” అమ్మని అడిగితే “చూద్దాంలే” అని, అరగంట తర్వాత కుక్కర్ మూత తీసి వేలితో కొట్టడం మొదలెట్టింది. ప్రసాద్ అంకుల్ హాలు మాట్లాడాడు. ఫియోనా వస్తానంది. ఒక శనివారం అనుకున్నాం.

ఆ ముందు వారం వ్యాను ఫిట్‌నెస్ పరీక్షలో ఫెయిలైంది. కింద చట్రమంతా తుప్పు. కొత్త వ్యాను కొనే వయసు కాదన్నాడు డెక్లన్. నోరీన్ కీబోర్డు మనవరాలికి ఇచ్చేసింది. ఫ్రాన్సీ తలూపాడు. ఆ శనివారం వాయించనేలేదు. నేను రిటైరైంది ఇందుకే. సిగ్గుతో మానేశానని ఫెలోషిప్‌లో ఒక మాట తిరుగుతోంది, అది నిజం కాదు.

డ్రమ్స్ ఇప్పుడు మా ఇంట్లో హాట్ ప్రెస్‌లో, వేడినీళ్ల ట్యాంకు పక్కన ఉన్నాయి. అక్కడుండే తువ్వాళ్లు అమ్మ గదిలోకి మారాయి. బేస్ డ్రమ్ మాత్రం పట్టలేదు, వరండాలో ఉంది. డ్రమ్స్ కొనేముందు ప్రెస్ లోతు కొలుచుకోండి. మాది నాలుగు అంగుళాలు తక్కువైంది.